గుర్తు లేని ఒక్క జత

నేను బి.ఏ. పాసయ్యాను! అదీ సెకండ్ క్లాసులో! ముందు ఆ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడేలా లేదు, అందుకే ముందూ వెనకా ఏమీ లేకుండా చెప్పేశాను, చదివే మీలోనూ నా ఈడువాళ్ళు ఉంటారు గనక ఏమీ అనుకోరు. డెబ్బై ఆరేళ్ళ వయసులో, రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్నాక, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ చదివి, ఓపెన్ యూనివర్సిటీ పరీక్షలు ఒక్కొక్కటే రాసి, మూడేళ్ళ చదువును ఐదేళ్ళలో గట్టెక్కించాను. మా వంశంలో ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా డిగ్రీ అనేది మొదట వచ్చింది నాకే. మా ఇద్దరబ్బాయిలూ పదో తరగతితో చదువాపి అబిడ్స్‌లో మా లాండ్రీ చూసుకుంటున్నారు. మనవరాలిది ఇంకా బి.ఎస్సీ. రెండో సంవత్సరం, అంటే ఆమెకు నేను సీనియర్ని. ఈ మాట పొద్దుటి నుంచి నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారికి చెవులు మూసుకుంది.

కంప్యూటర్లో నా నంబరు కొట్టి చూసింది కూడా ఆ పిల్లే. కాలేజీ స్నేహితులతో కలిసి నాలుగు రోజులు కొండల్లో నడవడానికి పోతోందట, గదంతా సామాను పరిచి ఉంది. వీపున వేసుకునే పెద్ద సంచి, ఆ సంచికి మళ్ళీ వానకోటు, బట్టలకు ఒకటి, మందులకు ఒకటి, ఫోనుకు ఒకటి చొప్పున నీళ్ళు దూరని చిన్న చిన్న సంచులు, ప్రతిదాని మీదా నల్ల మార్కరుతో తన పేరు. మార్కుల కాగితం ప్రింటు తీసి, నా చేతికిస్తుందేమోనని చూస్తుంటే, అలాంటి సంచి ఒకదాన్లో పెట్టి, గాలి పోయేలా అరచేత్తో నొక్కి, మూతి బిగించి, పైన నా పేరు రాసి అప్పుడిచ్చింది. "ఇగ తడువది, ఎవ్వరిదాంట్ల కలువది, ఫికర్ చెయ్యకు నాయినమ్మా" అంది.

అది అన్న మాటలు దానికి మామూలు మాటలే. కానీ అరవై ఏళ్ళ కిందట, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, నా వీపుకు సంచి తగిలించి మా అమ్మ అన్న మాటలు సరిగ్గా అవే.

మాది చాకలివాళ్ళ ఇల్లు. ఇల్లంటే ఒక గది, గది ముందు ఆ గది కంటే పెద్ద ఇస్త్రీ బల్ల, పక్కన రెండు గాడిదలు. అబిడ్స్‌లో పెద్ద దుకాణాల వెనక ఉండే బంగళాలకూ, స్టేషన్లో పెద్దమనుషులు దిగే గదుల దుప్పట్లకూ, దగ్గర్లోని మిషన్ స్కూలు హాస్టలుకూ మా అమ్మానాయినలే ఉతికేవాళ్ళు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు, అయినా ఒక ఇంటి రుమాలు ఇంకో ఇంటికి పోయిన పాపాన పోలేదు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట అంచు లోపలివైపు చిన్న గుర్తు పెట్టి, పైన కాస్త సున్నం అద్దితే అది నల్లగా పట్టుకునేది. సవుడు మన్ను నీళ్ళలో నానబెట్టినా, ఆవిరికి ఉబ్బవేసినా, బండకేసి బాదినా బట్ట చిరగాలే తప్ప గుర్తు పోదు. ఒకరికి మూడు చుక్కలు, ఇంకొకరికి గీత మీద చుక్క, మరొకరికి అడ్డగీత. జీడిరసం తగిలి తగిలి నాయిన చూపుడువేలు కొస నల్లగా కాయ కట్టి ఉండేది.

అక్షరాలకంటే ముందు నేను ఆ గుర్తులే నేర్చుకున్నాను. రేవు నుంచి బట్టలు రాగానే కుప్ప ముందు కూర్చుని, ముందు రకం వారీగా, చీరలు చీరలతో, చొక్కాలు చొక్కాలతో మడిచి దొంతరలు పెట్టడం, ఆ తర్వాత గుర్తులు చూసి ఇంటివారీగా మూటలు కట్టడం నా పని. రకం ముందు, మనిషి తర్వాత. మా ఇంట్లో పద్ధతి అది. ఈ పద్ధతి గుర్తుంచుకోండి, దీనివల్లే నేను తర్వాత పెద్ద చిక్కులో పడ్డాను.

నన్ను బడిలో వేసింది హాస్టలు చూసుకునే టీచరమ్మ. మెదక్ వైపు క్రైస్తవుల ఇంటి మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. ఆరేళ్ళప్పుడు వెనక గేటు దగ్గర అమ్మతో కూర్చుని నేను చకచకా బట్టలు వేరు చేస్తుంటే చూసి, "గీ పిల్లకు గిన్ని గుర్తులు యాదుంటున్నయి, యాభైయారు అక్షరాలు దీనికొక లెక్కనా? నా దగ్గరికి తోలియ్యి" అందట. మా గల్లీకి దగ్గర్లో ఉన్న మిషన్ వాళ్ళ చిన్నబడిలో కొన్నేళ్ళు చదివి, పదమూడో ఏట హాస్టలున్న ఆ పెద్ద మిషన్ స్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరాను.

అక్కడ మొదటిరోజే పిల్లలు మీ నాయిన ఏం పని చేస్తడని అడిగారు. స్టేషన్ల పని అన్నాను. అది అబద్ధమేమీ కాదు, స్టేషన్ దుప్పట్లు ఉతకడం స్టేషన్ పనే కదా. వాళ్ళు టికెట్ బాబు అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను. ఆ రోజు నుంచి ముందు గేటులోంచి నేను, వెనక గేటులోంచి మా అమ్మ. సోమవారాలు వెనక గేటు దగ్గర గాడిద కనపడితే నేను తల తిప్పుకునేదాన్ని, మా అమ్మ నాకంటే ముందే తిప్పుకునేది. ఎవరి బిడ్డనో తెలిస్తే నా పక్కన కూర్చోరేమో, అన్నాలప్పుడు జరిగి కూర్చుంటారేమో అన్న భయం పుస్తకాలతోబాటు రోజూ నాతో బడికి వచ్చేది.

ఇలా ఉండగా దసరా సెలవుల ముందు టీచరమ్మ ఒక ప్రకటన చేసింది. ఆడపిల్లలకు నడక రావాలి, తమ సామాను తాము మోసుకోవడం రావాలి, అందుకని నాంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగి, అనంతగిరి గుట్టల మీదుగా నాలుగు రోజులు నడిచి వద్దామంది. కూలీ లేడు, బండి లేదు. హాస్టలు పిల్లలు పదిహేడు మంది, బయటి నుంచి వచ్చేవాళ్ళలో నేనొక్కదాన్ని. నల్లబల్ల మీద రెండే నియమాలు రాసింది: సామాను తడవొద్దు, సామాను కలువొద్దు. అందరివీ ఒకే తెల్ల జాకెట్లు, ఒకే నీలం లంగాలు కాబట్టి, ప్రతి బట్టకూ చిన్న గుడ్డముక్క కుట్టి దాని మీద సిరాతో పేరు రాసుకోవాలంది. జీడి గుర్తులు ఆ బట్టలకు ఎప్పటి నుంచో ఉన్నాయి, కానీ లోపలి అంచులో ఉన్న ఆ నల్ల చుక్కల్ని పిల్లలు ఎప్పుడైనా చూసినా మరకలే అనుకునేవాళ్ళు.

యుద్ధం రోజులవి. బట్ట కంట్రోలు దుకాణంలో తప్ప దొరికేది కాదు. మిగతా పిల్లలు అబిడ్స్‌లో ఖాకీ కాన్వాసు సంచులు కొనుక్కున్నారు. మా నాయిన ఒకరింట్లో పారేసిన పరుపు గుడ్డ, ఆ చారల చారల గట్టి గుడ్డ తెచ్చి, తనే మోకాళ్ళ మధ్య పెట్టుకుని దబ్బనంతో సంచి కుట్టాడు. అమ్మ టీచరమ్మను అడిగి చర్చిలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చింది. సంచి మీద ఆ మైనం రుద్దడం, దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె నడిపించడం, మళ్ళీ రుద్దడం, మళ్ళీ నడిపించడం, అలా ఒక సాయంత్రమంతా చేస్తే మైనం గుడ్డ నూలుపోగుల్లోకి దిగిపోయింది. గల్లీ అంతా చర్చి వాసన. అమ్మ ఒక చెంబెడు నీళ్ళు పైన పోసి, లోపల చెయ్యిపెట్టి చూసుకుని, పొడిచెయ్యి బయటికి తీసి నాయినకు చూపించిన తీరు చూడాలి, మెడల్ చూపించినట్టే చూపించింది. తెల్లవారి నా వీపుకు తగిలించి, ఇక తడవదు బిడ్డా, ఎవ్వరిదాంట్లో కలవదు, ఫికర్ చెయ్యకు అంది. కలవదనడం నిజమే. అంత వికారమైన సంచి ఇంకోటి నిజాం రాజ్యంలో ఉండదు.

స్టేషన్లో నన్ను చూడగానే తహసీల్దారు కూతురు పగలబడి నవ్వింది. వాళ్ళ నాన్నకు జిల్లాలో ఉద్యోగం గనక ఆమె హాస్టల్లో ఉండేది, మా క్లాసులో అందరికంటే నోరు, అందరికంటే మంచి బట్టలు ఆమెవే.

"ఏందే, పరుపే ఎత్తుకొచ్చినవా? మరి దిండేది?"

"దిండు నువ్వు తెస్తవని తేలే" అన్నాను. రైలు కదిలేదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

నడకలో ఇద్దరిద్దరు జోడీగా ఉండాలని టీచరమ్మ నియమం. నా జోడి మెదక్ నుంచి వచ్చిన పిల్ల. తల్లీ తండ్రీ లేరు, టీచరమ్మే తెచ్చి హాస్టల్లో పెట్టింది. చీమకు కూడా అడ్డురాని మనిషి, కానీ నవ్వడం మొదలుపెడితే ఆపడం తెలియదు. సీతాఫలాలు కోసుకు తింటూ, నవ్వుకుంటూ, గుట్ట సగం ఎక్కామో లేదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాన, దసరా వెళ్ళాక కూడా అంత వాన ఉంటుందని నేనెప్పుడూ చూడలేదు. దారే వాగైపోయింది. ఖాకీ సంచులు నీళ్ళు తాగి తాగి బర్రెదూడల్లా బరువెక్కాయి. నా పరుపు సంచి మీద మాత్రం నీళ్ళు బొట్లు బొట్లుగా నిలిచి జారిపోతున్నాయి. టీచరమ్మ ముందు నడుస్తూ క్రిస్మస్ పాటలు ఎత్తుకుంది, రెండు నెలల ముందే.

చీకటి పడక ముందే గుట్ట మీద ముసాఫిర్‌ఖానా, అదే బాటసారుల సత్రం, చేరాం. అక్కడ సంచులు విప్పి చూసుకుంటే ఒక్కొక్కరిదీ ఒక్కో శోకం. తెచ్చుకున్న రెండో జతా, దుప్పటీ, తువ్వాలా, అన్నీ పిండితే నీళ్ళే. ఇక పేరు రాసిన గుడ్డముక్కల సంగతి చెప్పక్కర్లేదు, సిరా అంతా కారిపోయి అక్కడ నీలిమందు పెట్టినట్టు మరక తప్ప పేరు అన్నది ఒక్కటీ లేదు. నా సంచి విప్పితే లోపల దుప్పటి ఇస్త్రీ వేడి ఇంకా ఉందేమో అన్నంత పొడిగా ఉంది. పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ ఒక్క దుప్పట్లో నలుగురం దూరాం. తహసీల్దారు కూతురు సంచిని అటూ ఇటూ తిప్పి వేలితో గీరి చూసి, "గిట్ల మైనం ఎవరు పట్టిచ్చిన్రే?" అంది. మా ఇంట్లో అని మాత్రం చెప్పి అటు తిరిగి పడుకున్నాను.

తడిబట్టలన్నీ వరండాలో కొబ్బరితాడు కట్టి ఆరేశారు. పేర్లు పోయినా ఫికర్ లేదనుకున్నారు, ఎందుకంటే ఎవరి చోటు వాళ్ళకు తెలుసు, స్తంభం పక్క నావి, మేకు పక్క నీవి అని. సత్రం చౌకీదారు భార్య ఇచ్చిన చీరలూ గొంగళ్ళూ చుట్టుకుని అందరూ నిద్రపోయారు.

తెల్లారుతుండగా నాకు మెలకువ వచ్చింది. గాలి తిరిగింది, జల్లు వరండాలోకి ఏటవాలుగా కొడుతోంది. ఆరీ ఆరని బట్టల మీద వాన పడుతుంటే చాకలింటి పిల్ల పడుకోగలదా? ఒక్కదాన్నే లేచి, తాడు మీద ఉన్నవన్నీ గబగబా లాగి, లోపల చౌకీదారు భార్య రాజేసిన కుంపటి దగ్గర వెచ్చబెట్టి, అరచేత్తో సాపు చేసి, మడతలు పెట్టాను. జాకెట్లన్నీ ఒక దొంతర, లంగాలన్నీ ఒక దొంతర. రకం ముందు, మనిషి తర్వాత. చేతులు వాటంతట అవే పని చేశాయి, మనసు అడ్డం రాలేదు. అంచులు సరిగ్గా కలిసిన ఆ రెండు దొంతరల్ని చూసుకుని, మా అమ్మ చూస్తే మెచ్చుకునేది కదా అనుకుని, సంతోషంగా మళ్ళీ పడుకున్నాను.

లేచేసరికి ఇల్లు ఎగిరిపోతోంది.

ఎవరి బట్టలు ఎవరివో తెలియక, చేతికందినవి తొడుక్కుని, పిల్లలంతా అరుచుకుంటున్నారు. టీచరమ్మ చౌకీదారుతో కలిసి పాల కోసం కింద ఊళ్ళోకి వెళ్ళింది. మధ్యలో తహసీల్దారు కూతురు నా జోడి భుజం పట్టుకుని నిలదీస్తోంది.

"గిది నా కొత్త జాకెట్టు. మొన్ననే సుల్తాన్ బజార్ల కుట్టిచ్చిన్రు, ఒక్క ఉతుకే పడ్డది. విడువు!"

"నాది గూడ కొత్తదే" అంది నా జోడి.

"నీకెక్కడికెల్లి వచ్చిందే కొత్తది?"

"టీచరమ్మ కుట్టిచ్చింది. ఎవ్వరికీ చెప్పొద్దన్నది, అందరు అడుగుతరని."

ఎవరూ నమ్మలేదు. హాస్టలు పిల్లల లీడరు, మా అందరిలోకీ భారీ మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని, "దొంగతనం జేసి మళ్ళ టీచరమ్మ పేరు జెప్తవా? ఇడిచెయ్యవే!" అంది. నా జోడి ఏడవను కూడా లేదు, జాకెట్టు గుండీ విప్పబోయింది. విప్పితే ఇక ఆ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆమె దొంగే. ఇంతలో వెనక నుంచి ఎవరో, "అసలు గివన్ని ఎవరు మడతబెట్టిన్రు? ధోబీ మడతలోలె ఉన్నయి గదా" అన్నారు.

తాడు మీద ఉన్నంతసేపూ ఎవరివి వాళ్ళకు తెలిసిన బట్టల్ని కలిపేసింది నేను. తడవకుండా కాపాడాననుకుని, ఎవరివో తెలియకుండా చేశాను. ఆ జాకెట్టు ఎవరిదో చెప్పగలిగింది కూడా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. చెబితే నా గుట్టు పోతుంది, చెప్పకపోతే నా జోడి పరువు పోతుంది. ఇప్పుడు చెబుతుంటే సులువుగా ఉంది గానీ, అప్పుడు నేను తలుపు దగ్గర నిలబడి పది దాకా లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది దాకా పారిపోవాలనే ఉంది.

వెళ్ళి నా జోడి చెయ్యి గుండీ మీద నుంచి తీసేసి, జాకెట్టు అంచు తిప్పి చూపించాను.

"గిది దీనిదే. రెండు గీతలు, చూడుండ్రి. నీది నాలుగు చుక్కలు."

"గీతలేంది, చుక్కలేంది?" అంది తహసీల్దారు కూతురు.

నేను ఒక్కొక్కరి అంచూ తిప్పి చూస్తూ పోయాను. నాలుగు చుక్కలు ఎక్కడ దొరికాయనుకున్నారు? లీడరు ఒంటి మీద. దొంగతనమని అరిచిన మనిషి ఆ కొత్త జాకెట్టులో ఇరుక్కుని నిలబడి ఉంది. "అదే గదా, పొద్దుగాల్నుంచి చంకల్ల గుంజుతుంటే వానకు ముడుసుకపోయింది అనుకున్న" అంది నోరు వెళ్ళబెట్టి. నా జోడికి అప్పుడొచ్చింది నవ్వు. ఆగలేదు. మిగతావాళ్ళకూ అంటుకుంది. తహసీల్దారు కూతురు మాత్రం నవ్వకుండా నా జోడి దగ్గరికి వెళ్ళి, "తప్పైంది" అంది, గోడకు చెబుతున్నట్టు, కానీ అంది.

తర్వాత నేను కింద కూర్చుని, అందరివీ విడిపించి, గుర్తులు చూసి ఎవరివి వాళ్ళ ముందు పెట్టాను. ముప్పై నాలుగు జతలు, టీ కాగేలోపు అయిపోయాయి. పాలు తీసుకుని వచ్చిన టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆమెకు అన్నీ తెలుసు, చెప్పాల్సింది నేనే అని కూడా తెలుసు. చివరికి ఒక్క జత మిగిలింది. తహసీల్దారు కూతురు దాన్ని అంచులన్నీ తిరగేసి చూసింది.

"గిదెవరిది? దీనికి గుర్తే లేదు."

"నాది" అన్నాను. "మా ఇంట్ల మా బట్టలకు గుర్తు పెట్టుకోం. మీ అందరి బట్టలు ఉతికేది మా అమ్మనే. సోమారం వెనక గేటు కాడికి వచ్చేది మా అమ్మ."

ఆ తర్వాత వచ్చిన మొదటి మాట తహసీల్దారు కూతురుదే.

"అయితే మీ నాయిన టికెట్ బాబు గాదా?"

"గాదు. నేనట్ల చెప్పలే."

"అయ్యో! ఇంటికి పోయేటప్పుడు టికెట్ లేకుండ ఎక్కిస్తవనే గదనే నీతోటి జర మంచిగుంటున్న!"

మంచిగా ఎప్పుడుందో నాకు తెలియదు గానీ, ఆ మాటతో నా గుండెల మీంచి రాయి దిగింది. ఆ వెంటనే మొదలైంది చూడండి, నా గుర్తేంది, నా గుర్తేంది అని పదిహేడు మంది మీద పడ్డారు. ఇన్నేళ్ళూ తమ ఒంటి మీద తమకే తెలియని పేరు ఒకటుందని తెలిసి మురిసిపోయారు. లీడరుకు మాత్రం కోపం వచ్చింది. "అందరికి గీతలు, సుక్కలు, ఇంటు గుర్తులు. నాకు ఒక్క సుక్కేనా? గింత మనిషికి ఒక్క సుక్కా?" అని మా నాయిన మీద ఫిర్యాదు చేస్తానంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇద్దరు నా పక్క నుంచి జరిగి కూర్చున్నారు, లేదనను. ఆ ఖాళీలోకి తహసీల్దారు కూతురు కంచం పట్టుకుని వచ్చి కూర్చుని, నా కంచంలో ఉన్న పచ్చడి అడగకుండా తీసుకుంది. మిగిలిన దారంతా మేం ఒకర్నొకరం గుర్తులతోనే పిలుచుకున్నాం.

నాలుగో రోజు నాంపల్లిలో దిగేసరికి స్టేషన్ బయట మా నాయిన గాడిదతో నిలబడి ఉన్నాడు. పిల్లల్ని చూసి, అలవాటు ప్రకారం, నన్ను ఎరగనట్టు పక్కకు జరిగాడు. నేను నేరుగా వెళ్ళి సంచి తీసి గాడిద మీద వేశాను. నాయిన బిత్తరపోయి నా మొహం చూస్తుండగానే పిల్లలు చుట్టుముట్టారు. "కాకా, గీ సుక్కలు పెట్టేది నువ్వేనా? నాకు ఇంకో రెండు పెట్టరాదు?" అని లీడరు అంటుంటే, పాపం ఆయన నల్లటి ఆ వేలును ఇంకో చేత్తో దాచుకున్నాడు. సోమవారం నేను వెనక గేటులోంచి బడికి వెళ్ళాను, మూట ఒక కొస అమ్మది, ఒక కొస నాది.

ఆ వారంలోనే ఇంట్లో అడిగాను, నాకూ ఒక గుర్తు పెట్టమని. అమ్మ నవ్వింది. "గుర్తు బయటికి పోయి మళ్ళ రావాల్సినదానికి పెడ్తరు బిడ్డా. ఇంట్ల ఉండేటిదానికి గుర్తెందుకు?" అంది. కాసేపయ్యాక నాయిన సూదీ జీడిగింజా తీసుకుని నా స్కూలు జాకెట్టు అడిగాడు. "ఇది ఇంట్ల ఉండేటిది గాదు తియ్యి" అని, అంచు లోపల చిన్న సున్న చుట్టి దాని మధ్య ఒక చుక్క పెట్టాడు. మా ఇంటి బట్టకు గుర్తు పడటం అదే మొదలు.

ఆ జాకెట్టుతోనే పదో తరగతి దాకా వచ్చాను. తర్వాత పెళ్ళి, అబిడ్స్‌లో మా ఆయన పెట్టిన లాండ్రీ, పిల్లలు, ఇస్త్రీ వేడి, ఇలా బి.ఏ. నాకోసం అరవై ఏళ్ళు ఎదురుచూసింది. ఎదురుచూసింది కదా, వెళ్ళిపోలేదు కదా, అదే నా సంతోషం.

ఇప్పుడు మా లాండ్రీలో కూడా జీడిగింజ లేదు. బట్టకు కాగితం చీటీ గుచ్చుతారు, బట్ట ఇవ్వగానే పీకి పారేస్తారు. చాలా ఇళ్ళకు మిషన్లు వచ్చాయి, ఎవరి బట్టలు వాళ్ళ ఇంట్లోనే తిరిగి వాళ్ళ ఇంట్లోనే ఆరుతున్నాయి. రేవు ఉన్నచోట ఏవో ఇళ్ళు లేచాయి. మా మనవరాలి సంచిలో ఒక్క నూలుపోగు తడవదు, ఒక్క వస్తువు ఇంకొకరి సంచిలో కలవదు. మంచిదే, నేనేమీ కాదనను, ఆ వాన నాకు ఇంకా గుర్తుంది. కానీ కలిసిపోతే గదా ఒకరి ముందు ఒకరం కూర్చుని ఇది నీది, ఇది నాది అని వెతికిచ్చుకునేది! ఆ ఒక్క పూట కలగాపులగం కాకపోయి ఉంటే వాళ్ళెవరూ నాకు ఇన్నేళ్ళు మిగిలేవాళ్ళు కారు. ఇందాక మనవరాలు స్నానానికి వెళ్ళినప్పుడు, ఆ మార్కరు తీసుకుని, దాని సంచి మీద ఇంగ్లీషులో రాసుకున్న పేరు కింద చిన్న సున్న చుట్టి మధ్యలో చుక్క పెట్టాను. బయటికి పోతోంది, మళ్ళీ రావాలి కదా.

సరే, ఇక ఫోన్లు చేయాలి. నా ఫోన్ డైరీలో కొందరికి పేర్లు ఉండవు, ఈ కళ్ళకు పేర్ల కంటే గుర్తులే తొందరగా కనపడతాయి. ఇంకా మిగిలినవాళ్ళు వీళ్ళు:

గౌలిగూడలో మా తమ్ముడు. ఇంటివాడు గనక గుర్తు లేదు.

నా క్లాసులో పక్కన కూర్చునే బస్ కండక్టరు, నన్ను అత్తమ్మా అంటాడు. ముందు అతని నంబరు కూడా చూడమని మనవరాలికి చెప్పాలి, పాసైతేనే నా సంగతి చెప్పాలి.

రెండు గీతలు, మెదక్. నవ్వడం మొదలుపెడితే ఇప్పటికీ ఆపదు, కాబట్టి ముందు విషయం చెప్పేయాలి.

ఒక్క చుక్క, సికింద్రాబాద్‌లో కూతురి దగ్గర. ఈమధ్య సన్నబడింది, ఇప్పుడు ఆ ఒక్క చుక్కే సరిపోతుంది అంటుంది.

సిలువ గుర్తు, టీచరమ్మ. ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో. పేజీ మాత్రం చింపలేదు, ఈ పూట దాని మీద చెయ్యి పెట్టి ఒకసారి చెప్పుకుంటాను.

నాలుగు చుక్కలు, ఖైరతాబాద్. ఈమెకు అందరికంటే చివర చేయాలి, ఒకసారి ఎత్తితే పెట్టదు. చెవులు వినపడవు గనక బి.ఏ. పాసయ్యానని నేను గల్లీ అంతా వినపడేలా మూడుసార్లు అరవాలి. అప్పుడు ఆమె ఏమంటుందో కూడా నాకు తెలుసు: "మంచిగ తిరగేసి చూసినవానే? అది నీదేనా?"

చూశానే, చూశాను. నాదే.